బోటుని ముంచేది ఇంజిన్ కాదు, బరువు

మోటారు బోటు నడపడం వచ్చా అని ఎవరినైనా అడగండి, ఇంజిన్ గురించే చెబుతారు. తాడు ఎంత విసురుగా లాగాలి, చోక్ ఎప్పుడు తియ్యాలి, పెట్రోల్లో ఆయిల్ ఏ పాళ్లలో కలపాలి, ప్లగ్ తడిస్తే ఏం చెయ్యాలి, ఇవి తెలిస్తే బోటు వచ్చేసినట్టే లెక్క. నది మధ్యలో ఇంజిన్ మొరాయిస్తే టెన్షన్ మామూలుగా ఉండదు కాబట్టి ఇందులో తప్పేం లేదు. కానీ పడవ ప్రమాదాల వార్తలు కాస్త వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఇంజిన్ ఆగిపోవడం అన్న ఒక్క కారణంతో మనుషులు పోవడం అరుదు, ఆగాక బోటు అడ్డం తిరిగి, అలకి పక్క చూపించి, ఒరిగి, నీళ్లెక్కి బోల్తా పడింది అన్నదే అసలు కథ. ఇంజిన్ లక్షణంగా తిరుగుతుండగా బోల్తా పడ్డవి కూడా బోలెడు. మనం శ్రద్ధగా నేర్చుకునేది ఇంజిన్ గురించి, మనల్ని ముంచేదేమో ఆ ఇంజిన్ బిగించి ఉన్న డొల్ల.

నేను చెప్పబోయేది పాపికొండల టూరిస్టు లాంచీల గురించి కాదు (వాటి ప్రస్తావన మాత్రం తప్పదు). పద్నాలుగు నుంచి ఇరవై అడుగుల దాకా పొడవుండే, పైకప్పు లేని ఫైబర్ బోటు, వెనకాల ఎనిమిదో పదో హార్స్‌పవర్ ఇంజిన్. కోనసీమ లంకల్లో, పులికాట్లో, సాగర్ వెనక నీళ్లలో, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చేపల రేవుల్లో కనిపించే ఆ చిన్న బోటు గురించి.

ముందు అసలు బోటు నిటారుగా ఎందుకు నిలబడుతుందో చూద్దాం, ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు. బోటు, అందులో మనుషులు, సామాను, అన్నిటి బరువూ కలిసి ఒక చోటు నుంచి కిందికి లాగుతోందనుకోండి. నీళ్లు దాన్ని పైకి నెడుతుంటాయి, ఆ నెట్టుడు నీళ్లలో మునిగి ఉన్న భాగానికి నడిమధ్య నుంచి వస్తుంది. బోటు తిన్నగా ఉన్నప్పుడు రెండూ ఒకే గీత మీద ఉంటాయి. కుడి పక్కకి ఒరిగిందనుకోండి, కుడివైపు ఎక్కువ భాగం మునుగుతుంది కాబట్టి నీళ్లు నెట్టే చోటు కూడా కుడివైపుకే జరుగుతుంది, అక్కడి నుంచి పైకి తోసి బోటుని మళ్లీ నిలబెడుతుంది. బోటు ఊగి ఊగి సర్దుకోవడం అంటే ఇదే. అయితే బరువు లాగే చోటు కూడా ఒరిగిన వైపుకి వస్తుంది, బరువు అడుగున ఉంటే కొంచెమే వస్తుంది, పైన ఉంటే చాలా దూరం వస్తుంది. నీళ్ల నెట్టుడు బరువు కంటే బయటివైపు ఉన్నంతసేపూ బోటు లేస్తుంది. బరువు దాన్ని దాటి బయటికి పోయిందా, అంతసేపూ బోటుని నిలబెట్టిన నీళ్లే దాన్ని తిరగెయ్యడానికి సాయం పడతాయి.

కూర్చున్న మనిషి లేచి నిలబడితే బోటు బరువు ఒక్క గ్రాము కూడా పెరగదు, కానీ బరువు ఉన్న ఎత్తు పెరుగుతుంది. అందుకే అంతసేపూ నిమ్మళంగా వచ్చిన బోటు రేవు పది గజాల దూరంలో ఉండగా, అందరూ దిగడానికి ఒక్కసారి లేచినప్పుడు తిరగబడుతుంది. 2023 మేలో కేరళలోని తానూరులో 22 మంది చనిపోయిన బోటు చేపల పడవని మార్చి పై అంతస్తు కట్టిన బోటు, పట్టేవాళ్లకంటే ఎక్కువమంది ఎక్కారు, వాళ్లలో కొందరు పైన ఉన్నారు. ఎక్కువమంది ఎక్కడం ఒక తప్పు, పైకెక్కడం అంతకు మించిన తప్పు.

ఇంకోటి, పైన చెప్పిన సర్దుకోవడమంతా బోటు అంచు నీటిమట్టానికి పైన ఉన్నంతవరకే. అంచు ఒక్కసారి నీళ్లకింద పోయిందంటే నిలబెట్టే శక్తి పెరగడం ఆగిపోతుంది, లోపలికి నీళ్లు వస్తాయి, ఆ తర్వాత క్షణాల్లో పని. కాబట్టి అందరూ ఎక్కాక, తాడు విప్పకముందు, ఒడ్డున ఒకరిని నిలబెట్టి అంచు నీళ్లకి ఎంత ఎత్తులో ఉందో చూడమనండి. జానెడే మిగిలిందంటే ఎవరో ఒకరు దిగాల్సిందే, పక్కనుంచి పెద్ద లాంచీ ఒకటి పోతే లేచే అలే అంతకంటే ఎత్తుంటుంది.

ఎంతమంది ఎక్కొచ్చు అన్నదానికి అమెరికాలో చిన్న బోట్లకి ఒక నాటు లెక్క వాడతారు. పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగిస్తారు. పదహారు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉంటే 80 బై 15, ఐదు చిల్లర, అంటే ఐదుగురు. అది కూడా మనిషికి 68 కిలోలు వేసుకుని, గాలి లేని రోజున. మన దగ్గర అదే బోటులో పదిమంది ఎక్కి, ఇద్దరు అంచుమీద కూర్చుని, ఒకాయన రీలు తీసుకుంటూ ముందు నిలబడితే గానీ బోటు కదలదు. "ఇంకొక్కరు పడతారు, సర్దుకోండి" అన్నమాట షేర్ ఆటోలో చెల్లుతుంది, ఆటోకి కింద రోడ్డుంటుంది కదా.

మనుషుల లెక్క సరిపోయినా బరువు ఎక్కడుంది అన్నది వేరే ప్రశ్న. ఇంజిన్ నలభై కిలోల దాకా ఉంటుంది, అది చిట్టచివర పలకకి వేలాడుతుంది. నడిపే మనిషి హ్యాండిల్ పట్టుకోవాలి కాబట్టి దాని పక్కనే కూర్చుంటాడు, ఒక డెబ్భై. ఇరవై ఐదు లీటర్ల పెట్రోల్ క్యాను కూడా అతని కాళ్ల దగ్గరే, ఇంకో ఇరవై. అంటే ఎవరూ ఎక్కకముందే ఆఖరి మీటరులో నూటముప్ఫై కిలోలు కూర్చున్నాయి. పైగా ఇంజిన్ పట్టాలని ఆ వెనక పలకని కొంత కోసి ఉంటారు, కాబట్టి బోటు మొత్తంలో నీళ్లు సులువుగా దూకగలిగే చోటు అదే. క్యానుకి పైపు కాస్త పొడవు కొని క్యానుని మధ్యకి జరపడం, మిగతావాళ్లని, లంగరుని, సామానుని ముందుకి సర్దడం, ఇంతే చెయ్యాల్సింది. మరీ ముందుకి నెట్టేస్తే మూతి నీళ్లలో పొడుచుకుని హ్యాండిల్ మాట వినదు, అది కూడా చూసుకోవాలి.

ఇక బోటులో చేరే నీళ్ల సంగతి, నా దృష్టిలో జనం అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేది ఇదే. కాళ్లకింద కాసిని నీళ్లున్నాయి, ఫర్వాలేదులే అనుకుంటాం. నాలుగు మీటర్ల పొడవు, ఒకటింబావు మీటరు వెడల్పు ఉన్న అడుగులో ఐదు సెంటీమీటర్ల నీళ్లు, అంటే చీలమండ కూడా మునగని నీళ్లు, లెక్కేస్తే పావు ఘనపు మీటరు. బరువు 250 కిలోలు. నలుగురు మనుషులు. ఆ నలుగురూ కదలకుండా కూర్చునే రకం కాదు, బోటు ఏ వైపు ఒరిగితే ఆ వైపుకే ఒక్కుమ్మడిగా పరిగెత్తే నలుగురు. ముందు చెప్పిన బరువు జరగడం అన్నది నీళ్లు చేరిన బోటులో ఎవరూ కదలకుండానే జరుగుతుంది. మలుపు తిప్పితే నీళ్లన్నీ ఒక పక్కకి, బ్రేకు పడ్డట్టు ఆపితే అన్నీ ముందుకి. అందుకే అడుగున అడ్డపలకలు ఉన్న బోటు మంచిది, నీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అంత సులువుగా పోవు. అందుకే నూనె క్యానుని సగానికి అడ్డంగా కోసి చేసిన తోడే డబ్బా ఒకటి తాడు కట్టి బోటులో ఎప్పుడూ ఉండాలి, తాడు ఎందుకంటే అవసరమైన రోజున అది ముందు కొట్టుకుపోతుంది కాబట్టి. బోటు వెనక కింద నీళ్లు పోవడానికి ఒక చిన్న రంధ్రం, దానికో బిరడా ఉంటాయి. ఒడ్డున కడిగినప్పుడు తీసిన బిరడా మళ్లీ పెట్టకుండా బోటు దింపేసిన వాళ్లు లోకమంతా ఉన్నారు. తీసిన బిరడాని ఇంజిన్ తాడు పిడికే కట్టి ఉంచితే, స్టార్ట్ చెయ్యబోయేటప్పుడు చేతికి తగిలి గుర్తుచేస్తుంది.

వెనకవైపు నుంచి నీళ్లెక్కడం గురించి ఇంకొంచెం చెప్పాలి. జోరుగా పోతున్న బోటుని ఉన్నట్టుండి ఆపితే, దాని వెనక వస్తున్న దాని అలే వచ్చి పలక మీదుగా లోపలికి దూకుతుంది. కాబట్టి స్పీడు మెల్లగా తగ్గించాలి. అలలకి ఎదురుగా రివర్స్ చేసినా ఇదే జరుగుతుంది. లంగరు సంగతి అయితే మరీను. చేతికి దగ్గరగా ఉందని వెనకాలకి కట్టేస్తారు, ప్రవాహం లాగుతుంటే తాడు వెనక భాగాన్ని కిందికి గుంజుతుంది, అంచు తక్కువున్న చోటే అది. 2009 ఫిబ్రవరి 28న ఫ్లోరిడా దగ్గర గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 21 అడుగుల బోటులో నలుగురు స్నేహితులు చేపలకి వెళ్లారు, అందులో ఇద్దరు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, అందరూ మంచి కండపుష్టి ఉన్న కుర్రాళ్లే. లంగరు అడుగున ఇరుక్కుంది, ఎంత లాగినా రాలేదు. తాడు వెనకవైపు కట్టి ఇంజిన్ బలంతో లాగుదామని థ్రాటిల్ ఇచ్చారు. లంగరు రాలేదు, బోటు వెనక భాగమే నీళ్లలోకి దిగి తిరగబడింది. ముగ్గురు పోయారు. తిరగబడ్డ బోటుని పట్టుకుని ఉన్న ఒక్కడిని నలభై గంటలు దాటాక కోస్ట్‌గార్డ్ చూసింది. వాళ్లు తాడు కోసేసి వచ్చేసి ఉంటే పోయేది ఒక్క లంగరు. లంగరు ఎప్పుడూ ముందువైపే కట్టాలి, లోతుకి ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదలాలి, రాకపోతే కొయ్యడానికి కత్తి అందుబాటులో పెట్టుకోవాలి.

గోదావరి, కృష్ణల్లో తిరిగేవాళ్లకి ప్రవాహం ఇంకో లెక్క. నది మొత్తం ఒకే వేగంతో పోదు. మలుపు దగ్గర, రాతి గుట్ట దగ్గర, వంతెన స్తంభాల వెనక నీళ్లు ఆగుతాయి, కొన్ని చోట్ల ఎదురు తిరుగుతాయి, దాని పక్కనే గజం దూరంలో పరుగు మీద ఉంటాయి. నెమ్మది నీళ్లలోంచి పరుగు నీళ్లలోకి అడ్డంగా దూరితే, బోటు అడుగుని ప్రవాహం పట్టుకుని లాగుతుంది, ప్రవాహం వచ్చే వైపుకి బోటు ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే జనం అదిరిపడి ఒక పక్కకి జరిగితే పని అయిపోయినట్టే. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట పున్నమి బోటు మునిగినప్పుడు గోదావరి వరదమీద ఉంది, ఆ చోటు సుళ్లకి పేరుపడ్డది. చుట్టుపక్కల ఊళ్ల జనం పడవలేసుకెళ్లి 26 మందిని లాక్కొచ్చారు, యాభై మంది దాకా దక్కలేదు. అంత పెద్ద బోటుకే దిక్కులేనిచోట మన పదహారడుగుల బోటు గురించి చెప్పేదేముంది. వరద రోజుల్లో అక్కడికి పోకపోవడమే జాగ్రత్త. మామూలు రోజుల్లో సుడి కనపడితే అందరినీ కిందకి కూర్చోబెట్టి, స్పీడు తగ్గించి, అడ్డంగా కాకుండా ఏటవాలుగా మూతి పెట్టి దాటాలి.

వంతెన స్తంభానికో, కట్టేసిన పంటుకో ప్రవాహం బోటుని తీసుకెళ్లి అడ్డంగా ఆనించిందనుకోండి. భయంతో అందరూ స్తంభానికి దూరంగా, అంటే నీళ్లు వచ్చే వైపుకి జరుగుతారు. అది కొంప ముంచుతుంది, నీళ్లు వచ్చే వైపు అంచే కిందికి దిగి, ప్రవాహం నేరుగా లోపలికి దూరుతుంది. చెయ్యాల్సింది తిరకాసుగా అనిపిస్తుంది గానీ స్తంభం వైపుకే ఒరగాలి, దాన్ని కౌగిలించుకున్నట్టు. అసలు బ్యారేజీలకీ స్తంభాలకీ పైవైపున ఇంజిన్ ఆపి ఊరికే తేలడం అనే సరదా మానుకోవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, తెంపుకుని కొట్టుకొచ్చిన పెద్ద బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్ది వాటి కౌంటర్ వెయిట్లు (గేటు లేపడానికి సాయపడే కాంక్రీటు దిమ్మెలు) పగలగొట్టాయి. అంత సిమెంటునే పగలగొట్టిన ప్రవాహం అది.

సముద్రంలో అయితే అసలు ప్రమాదం లోపల కంటే ఒడ్డు దగ్గరే ఎక్కువ. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి లోతు తక్కువ ఉంటుంది. అల ఎత్తు ఆ చోటి లోతులో ముప్పాతిక కాస్త దాటితే చాలు అల విరుగుతుంది, అంటే మీటరు లోతున్న చోట ముప్పాతిక మీటరు పైచిలుకు అల నిలువుగా లేచి తల కింద పడుతుంది. అదే పాటు వేళ అయితే, అంటే నదిలో నీళ్లు సముద్రంలోకి లాగుతున్నప్పుడు, ఎదురొచ్చే అల ఇంకా నిటారవుతుంది. పొద్దున పోటు మీద హాయిగా దాటిన మొగే మధ్యాహ్నానికి దాటనివ్వకపోవడం ఇందుకే. బయటికి పోయేటప్పుడు అలకి ఎదురుగా మూతి పెట్టి ఎక్కాలి, శిఖరం మీదికి రాగానే థ్రాటిల్ తగ్గించాలి, లేకపోతే బోటు గాల్లోకి లేచి అవతల డభీమని పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం. వెనక నుంచి వచ్చే అల వెనక భాగాన్ని లేపుతుంది, మూతి నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక భాగం పక్కకి జారి బోటు అడ్డం తిరుగుతుంది, తర్వాత అల దాన్ని పొర్లిస్తుంది. అనుభవం ఉన్న మత్స్యకారులు మొగ బయట ఆగి అలల వరస చూస్తారు, పెద్దవి రెండుమూడు పోయాక ఒక అల వీపు మీద ఎక్కి, దాన్ని దాటకుండా, వెనకది అందుకోకుండా, దాని వేగంతోనే లోపలికి వస్తారు. ఇది చదివి వచ్చేది కాదు, ఆ మొగ తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూడాలి.

వాతావరణం గురించి అందరూ చెప్పేదే చెప్పడం దేనికి, ఒక్క సంగతి. ఎండాకాలం సాయంత్రాలు వచ్చే ఈదురుగాలి ముందు చెప్పదు అంటారు గానీ చెబుతుంది, గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, ఉక్కపోసి, ఒక పక్క మబ్బు నల్లగా అడుగుదాకా దిగితే అది చెప్పడమే. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది ఇలాంటి గాలివానకే, వానజల్లు పడకుండా తలుపులు వేసుకుని లోపల కూర్చున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. చిన్న బోటుకి కూడా టార్పాలిన్‌తో నాలుగు పక్కలా కప్పి కట్టేసుకునేవాళ్లున్నారు, అది కూడా గదే. సముద్రంలోకి పోయేవాళ్లకి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ అల ఎత్తు, గాలి అంచనాలు రోజూ తెలుగులో కూడా ఇస్తోంది, ఫోన్లో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

లైఫ్ జాకెట్. "నాకు ఈత వచ్చు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. అమెరికా కోస్ట్‌గార్డ్ ఏటా లెక్కలు వేస్తుంది, బోటు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో దాదాపు ముప్పాతిక మంది మునిగి చనిపోతున్నారు, అలా మునిగినవాళ్లలో ఎనభై ఐదు శాతం దాకా జాకెట్ వేసుకోనివాళ్లే. వాళ్లందరికీ ఈత రాదనుకోవడానికి లేదు. ఒలింపిక్స్‌లో యాభై మీటర్లు ఈదేవాడు కూడా సెకనుకి రెండు మీటర్ల చిల్లర వేగం దాటడు, అదీ ఇరవై సెకన్లే, వరద గోదావరి అదే వేగంతో రోజంతా పోతుంది. పడిపోయేటప్పుడు తల అంచుకి తగిలితే ఈత ఎలా వస్తుంది? మనిషికి తల పైన నిలవడానికి అదనంగా కావలసిన తేలుడు నాలుగైదు కిలోలే, అంతే, ఆ జాకెట్ ఇచ్చేది అదే. మన దగ్గర జాకెట్లు ఉంటాయి, సీటు కింద ఉంటాయి, లేదా సీటుగా ఉంటాయి. దానిమీద కూర్చుంటే లోపలి ఫోమ్ అణిగిపోయి తేలడం తగ్గుతుంది. బోటు తిరగబడ్డాక నీళ్లలో వేసుకుని బకిల్ పెట్టుకోవడం అయ్యేపని కాదు, కావాలంటే స్విమ్మింగ్ పూల్లో ప్రయత్నించి చూడండి. పిల్లలకి వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, జాకెట్ చెవుల దాకా వస్తోందంటే నీళ్లలో పిల్లాడు కిందికి జారిపోతాడు, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది కావాలి.

ఇంజిన్ గురించి ఒక్క ముక్కా చెప్పకుండా వదిలేస్తే అన్యాయం, అందులో ప్రాణం నిలిపేది ఒకటుంది, దాన్నే జనం వాడరు. ఎర్రగా మెలికలు తిరిగిన ఒక తాడు, ఒక చివర ఇంజిన్ మీది స్విచ్‌కి, ఇంకో చివర నడిపేవాడి మణికట్టుకో జాకెట్‌కో. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగుతుంది. అది లేకపోతే ఏమవుతుందో ఊహించండి, హ్యాండిల్ వదిలేసిన ఇంజిన్ పంకా తిరిగే బలానికి తనంతట తనే ఒక పక్కకి తిరుగుతుంది, బోటు గుండ్రంగా చుట్టూ తిరుగుతూ పడినవాడి మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంజిన్ నిమిషానికి ఐదువేలు తిరిగితే పంకా అందులో సగం, అంటే సెకనుకి నలభైసార్లు పైన, మూడు రెక్కలకి నూటఇరవై దెబ్బలు. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోట్లలో ఆ స్విచ్ ఉంటే తాడు తగిలించుకోవడం చట్టం చేశారు. మన రేవుల్లో ఆ క్లిప్పుని ఇంజిన్‌కే శాశ్వతంగా పెట్టి తాడు కోసేసిన బోట్లు కనపడతాయి, చేతికి అడ్డం వస్తోందట. పొడుగు గొట్టం చివర పంకా ఉండే డీజిల్ ఇంజిన్లకి ఈ సౌకర్యమే లేదు, పైగా తిరిగే భాగాల దగ్గర లుంగీ, చున్నీ, చీరకొంగు జాగ్రత్త. నీళ్లలో పడ్డవాళ్లని ఎక్కించుకునేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజిన్ పూర్తిగా ఆపాలి. పంకాకి వల చుట్టుకుంటే తీసేటప్పుడూ అంతే. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది, కాబట్టి క్యానుని ఒడ్డుకి దించి నింపుకోవాలి.

ఎదురెదురు బోట్ల సంగతి సులువే. ఎదురుగా వస్తుంటే ఇద్దరూ తమ తమ కుడివైపుకి తిరగాలి. అడ్డంగా వస్తుంటే మన కుడిచేతివైపు నుంచి వచ్చేవాడికి దారి వదలాలి. రాత్రి పూట ఎర్ర దీపం కనిపిస్తే అది అవతలి బోటు ఎడమ పక్క, పచ్చది కుడి పక్క. రోడ్డుకి అలవాటుపడ్డ మనకి ఎడమకి తిరగబుద్ధవుతుంది, అదే చిక్కు. ఇంజిన్ మార్చాకో బాగుచేయించాకో ట్రయల్ వెయ్యాలంటే జనం తిరిగే దారిలో వద్దు. 2024 డిసెంబర్ 18న ముంబై హార్బర్లో ఇంజిన్ ట్రయల్‌లో ఉన్న నేవీ స్పీడ్‌బోటు అదుపు తప్పి నీల్‌కమల్ అనే ప్రయాణికుల బోటుని గుద్దింది, పదిమందికి పైగా చనిపోయారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి లేక్‌లో పాంటూన్ బోటు అద్దెకి తీసుకోవడం మామూలైపోయింది. రెండు పెద్ద గొట్టాల మీద బల్ల లాంటిది కాబట్టి తిరగబడదన్న ధీమా, కొంతవరకు నిజమే. కానీ అందరూ ఫొటో కోసం ముందుకి వస్తే మూతి నీళ్లకింద దూరి, ముందు గేటు మీదుగా నీళ్లు బల్లమీదికి వస్తాయి. గేటు బయట కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసుకోవడం ఇంకా ఘోరం, జారితే నేరుగా బోటు కిందికి, అక్కడ నుంచి పంకాలోకి. పదమూడేళ్ల లోపు పిల్లలకి జాకెట్ వేసే ఉంచాలన్నది అక్కడి ఫెడరల్ నిబంధన, రాష్ట్రాన్నిబట్టి వయసు మారుతుంది. తాగి బోటు నడిపితే తాగి కారు నడిపినట్టే కేసు.

ఇన్నీ చేసినా తిరగబడితే? బోటుని వదలొద్దు. ఫోమ్ నింపిన ఫైబర్ బోటు నీళ్లు నిండినా, తిరగబడినా తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరే కనిపిస్తుంది, నీళ్లమీద దూరం ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది, ఈది వచ్చేద్దాం అని బయల్దేరినవాళ్లు మధ్యలో అలసిపోతారు. వెతికేవాళ్లకి నీళ్లలో ఒక తల కనపడదు, బోటు కనపడుతుంది. ప్రవాహం ఉంటే బోటుకి పైవైపున పట్టుకోవాలి, కిందివైపున ఉంటే బోటుకీ రాయికీ మధ్య నలిగిపోతారు. ఎక్కగలిగినవాళ్లు బోటు వీపుమీదికి ఎక్కాలి, పిల్లల్ని ముందు. ఫోన్ జిప్ కవర్లో పెట్టి ఒంటికి కట్టుకుని ఉంటే 112కి చేయొచ్చు, సముద్రంలో అయితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. సిగ్నల్ లేని చోటికి ఈ మాట పనికిరాదు కాబట్టి బయల్దేరేముందే ఒడ్డున ఒకరికి చెప్పి ఉంచాలి, ఎటు వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎన్నింటికి ఫోన్ చెయ్యాలి. ఎంతమంది ఎక్కారో పేర్లతో సహా వాట్సాప్‌లో పెట్టాలి. కచ్చులూరులో బోటులో ఎంతమంది ఉన్నారన్న లెక్కే మొదట్లో పూటకొకలా మారింది, ఇంకా ఎంతమందిని వెతకాలో వెతికేవాళ్లకి తెలియలేదు.